తాడు విప్పని విల్లు

నవంబర్ 9, శనివారం

భూపాలన్న క్వారీ గుంటలో జారి పడ్డాడా, దూకాడా? ఆరేళ్లుగా ఇదే ప్రశ్న. పోలీసులు జారాడని రాసుకుని పోయారు. మా అమ్మ మాత్రం, నీ నోటికే నా కొడుకు పాయె అని యమున వదిన మొహం మీదే అన్నది. ఆ పొద్దున అన్నకు, వదినకు గొడవైంది నిజమే. అన్న దినాలయ్యాక మేమెవరం వదిన గడప తొక్కలేదు. ఉండేది ఇదే ఇబ్రహీంపట్నంలో, రెండు వీధుల అవతల.

వదిన ఎప్పుడో అమ్మేసిన అన్న లాంగ్‌బో, ఆ పొడుగాటి చెక్క విల్లు, హయత్‌నగర్‌లో ఒక ఆర్చరీ కోచ్ దగ్గర ఉందని తెలిసి ఈరోజు కొనుక్కొచ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

నవంబర్ 10, ఆదివారం, ఉదయం 7

వెనక ఖాళీ ప్లాటులో గడ్డిమోపు పెట్టి ట్రై చేశాను. విల్లు అమ్మిన కోచ్ సుశాంత్ వచ్చి తాడు ఎక్కించి ఇచ్చాడు. బాణం గడ్డి దాకా కూడా పోలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే చెవి పక్కన కట్టె సన్నగా మూలిగింది. బస్ మేడం, గుంజకుండ్రి, అన్నాడు. తాడు విప్పి చూపించాడు. విప్పినా విల్లు నిటారుగా కాలేదు, వంగే ఉంది. నా దగ్గరికొచ్చేటప్పటికే గిట్లుండె, తాడు ఇప్పకుండ మస్తు దినాలు ఉంచిండ్రు, దీన్ల జీవం పోయింది, అన్నాడు.

అన్న అట్లా ఉంచే మనిషి కాదు. బాణాలు వేయడం అయ్యాక తాడు విప్పి, ఆ తర్వాతే చాయ్.

అదే రోజు, 11 గంటలు

ఆ రోజు గొడవయ్యాక అన్న ఇంటి వెనక షెడ్డు దగ్గర కాసేపు బాణాలు వేసి, బండి తీసుకుని పోయాడు. తాడు విప్పకుండా పోయాడంటే మళ్లీ వచ్చి వేద్దామనే కదా? తిరిగి వద్దామనుకున్నవాడు దూకడు. అంటే వదిన తప్పేం లేదు.

ఇంత సులువా?

నవంబర్ 13

ఆరేళ్ల తర్వాత వదినకు ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టి, ఎవలన్న సచ్చిండ్రా, అంది. విల్లు సంగతి అడిగాను. షెడ్డుల కెల్లి తెచ్చినప్పుడే తాడు ఎక్కి ఉండె, నాకు మంచిగ యాదికుంది, అంది. మళ్లీ తనే, యాదికున్నట్టే ఉంది, అంది.

నవంబర్ 14

చిన్నాయన కొడుకు రమేశ్ బొంగులూరులో ప్లాట్లు అమ్ముతాడు. ప్రతిదానికీ నవ్వుతాడు. తాడు నేనే ఎక్కిచ్చిన గదా అక్కా, దినాల నాడు, అన్నాడు. ఆ రోజు అన్నకు ఇష్టమని ఫొటో ముందు మటన్ పెట్టారు, సిగరెట్లు పెట్టారు, విల్లు పెట్టారు. తాడు లేకుంటే ఉత్త కట్టె లెక్క కనబడ్తుండె, నలుగుర్ల ఏం మంచిగుంటది, అన్నాడు. దానికీ ఒక దండ వేసి, సంవత్సరీకం దాకా వదిన ఇంట్లో గోడకు అట్లే ఉంచారట. గౌరవమని ఎవరూ ముట్టలేదు.

కానీ రమేశ్‌కు తాడు ఎక్కించడం వచ్చా? సుశాంత్ దగ్గరుండి చూపించినా నాకు రాలేదు.

నవంబర్ 17, ఆదివారం

రమేశ్‌ను పిలిచి ఎక్కించమన్నాను. గిదేం పరీక్ష అక్కా, నన్ను ఠాణాల కూసోబెట్టినట్టుంది, అంటూనే కాలు అడ్డం పెట్టి వంచాడు. తాడు కొన దాకా వచ్చింది. ఇంకో వేలెడు దూరం. ఇంకొంచెం, అన్నాను నేనే.

విల్లు మధ్యకు విరిగింది. ముక్క ఎగిరి రమేశ్ దవడ చీరింది. దవాఖానలో కుట్లు వేశారు. వాడు ఈసారి నవ్వలేదు.

విల్లులో పాత బలం ఉన్నప్పుడు వాడు దాన్ని వంచగలిగేవాడా? ఇక తెలియదు.

నవంబర్ 19

క్లాసులో పిల్లలకు పాఠం చెప్తుంటే మధ్యలో తట్టింది. అన్నే తాడు విప్పకుండా పోయాడనుకుందాం. విల్లు ఏమైపోతే నాకేంటి అనుకున్నవాడు కూడా విప్పడు.

నవంబర్ 24

వదిన ఇంటికి పోయాను. అంతా చెప్పాను. చాయ్ పోసి, దుంకిండనే తేలిందనుకో, నన్నేం జేస్తుంటివి, అంది.

అన్న జారాడో దూకాడో నాకు తెలియదు. వదిన అడిగింది మాత్రం అది కాదు.