తాతయ్య ఫోటో వేసిన చావు కాగితం

ప్లోవ్‌దివ్, మంగళవారం

అమ్మా,

నేను క్షేమం, తాతయ్య కూడా క్షేమమే. ఆయన పోయారని ఎవరైనా ఫోన్ చేస్తే కంగారుపడకు, ఆ తప్పు నాది.

వేసవి కోర్సులో నేను తీసే చిన్న సినిమాకి, మనవాళ్ళు పోయినవారి పేరు, ఫోటో వేసి గుమ్మాలకు అంటించే చావు కాగితం ఒకటి కావలసి వచ్చింది. ఏదో పేరు కల్పించి, నా దగ్గరున్న తాతయ్య పాత ఫోటో వేసి, షూటింగు చేసే ఇంటి గుమ్మానికి అంటించాను. షూటింగు అయ్యాక దాన్ని పీకేయడం మరిచిపోయాను. మర్నాడు పొద్దున వెళ్తే గుమ్మంలో కొవ్వొత్తి వెలుగుతోంది. స్తాంకా అనే పెద్దావిడ, పోయినవారి పేరున పంచే ఉడికించిన గోధుమల గిన్నెతో మెట్టు మీద కూర్చుని ఉంది. నా చేతిలోనూ ఒక చెంచాడు పెట్టింది.

"పేరు తప్పు వేశారే పిల్లా. ఈయన స్పాస్, బస్సు డ్రైవరు. నాకు కాన్పు నొప్పులొస్తుంటే ఆ మంచులో బస్సుని ఆసుపత్రి గుమ్మం దాకా తిప్పాడు" అంది.

ఆయన మా తాతయ్యేనని, బతికే ఉన్నారని చెప్పాను. ఆవిడ గిన్నె నా ముందుకు చాపింది.

"అయితే ఆ గోధుమలు ఇలా ఇచ్చెయ్. బతికున్నోడి పేరు మీద తినకూడదు."

పాత కథ పక్కన పడేసి ఆవిడ మాటలే సినిమాగా తీస్తున్నాను. మా మాస్టారు బోయాన్ గారు కూడా సరేనన్నారు.

మిరప మొక్కలకు నీళ్ళు పోస్తున్నావా? చావు కాగితం సంగతి తాతయ్యకు నువ్వే మెల్లగా చెప్పు, నేను చెబితే తిడతారు. శనివారం సినిమా వేస్తారు. నా తెల్ల చొక్కా చేతికిచ్చి ఆయన్ని బస్సెక్కించు. బస్టాండుకి స్తాంకా కొడుకు కారు తెస్తాడు. ఆ మంచు రోజున ఆసుపత్రిలో పుట్టినవాడే. పేరు అడగమను, స్పాస్ అని చెబుతాడు.

మీ ఇద్దరికీ ముద్దులతో,
జోర్నిత్స