కిరణ్ వాళ్ళమ్మ చేపల పులుసు

మంగళవారం రాత్రి, ముషైరిబ్, దోహా

కడుపుమంట ఇంకా చల్లారలేదు. నా చేపల పులుసు కంపు కొడుతోందని, మా కోవర్కింగ్ ఆఫీసులో అందరూ తినే ప్యాంట్రీలో "వాసన వచ్చే తిండి తేవద్దు" అని నోటీసు పెట్టించింది పక్క డెస్క్ కిరణే. అప్పటినుంచీ నేను మెట్ల మీదే తింటున్నాను.

ఇవాళ వరల్డ్ కప్ బోర్డుల పని మీద వాడు లుసైల్ స్టేడియానికి వెళ్ళాడు. ఆ సంగతి తెలియక, ఊరి నుంచి వచ్చిన వాళ్ళమ్మ ఆఫీసుకి క్యారేజీ తెచ్చింది.

"వాడు లేకపోతే ఏం, నువ్వు తిను తల్లీ" అని మూత తీసింది. గుప్పుమంది. చేపల పులుసు!

"ఇక్కడ తినకూడదు ఆంటీ. మీ అబ్బాయే పెట్టించాడు" అని కసిగా నోటీసు చూపించాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "అదేంటమ్మా, ఇది లేందే వాడికి ముద్ద దిగదు!"

పాపం, ఆవిడేం చేసింది? ఆ ముఖమే గుర్తొస్తోంది...

మెట్ల మీద ఇద్దరం కలిసి తిన్నాం. "రేపు నీక్కూడా కట్టి వాడిచేత పంపిస్తాలే" అంది. నేను వద్దనలేదు.

రేపు వాడే మోసుకొస్తాడు. అందరూ ప్యాంట్రీలో ఉన్నప్పుడు, మూత వాడిచేతే తీయిస్తాను.