పడమటి గోడ

జూన్ 24

సుగుణ పోయి నాలుగు రోజులు. చివరి రోజు ఎలా గడిచిందో రాసి పెట్టుకోవాలి. వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి అది వేరే రూపంలోకి మారిపోతోంది.

పొద్దున ముఖం తుడిచాను. ఇడ్లీ వద్దంది. కాఫీ రెండు చెంచాలు. పాస్టరు గారు వచ్చి కీర్తన చదివారు. ఆమె పెదవులు ఆయన కంటే ముందు కదిలాయి.

మధ్యాహ్నం షాహీన్ వచ్చింది. బడి నుంచి నేరుగా, చేతులకు సుద్దపొడితో. ఇన్నేళ్ళూ స్టాఫ్ రూములో ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. సుగుణ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇల్లు నీకే షాహీన్. ఈయన అమ్ముతాడు." నా వైపు చూసింది. తల ఊపాను. అమ్మాలని జనవరిలోనే అనుకున్నాం. పులివెందులలో అక్క ఇంటి పక్కన చిన్న ఇల్లు చాలనుకున్నాం, ఇద్దరికి.

సాయంత్రం శ్వాసకూ శ్వాసకూ మధ్య ఖాళీ పెరిగింది. పక్కింటి సుబ్బరాయుడు కారు తీసి మా వాకిట్లో పెట్టాడు. "ఆస్పత్రికి పోదాం పా అప్పా." సుగుణ వద్దన్నట్టు వేళ్ళు కదిలించింది. దీపాలు పెట్టే వేళకు అయిపోయింది. కారు తెల్లవారేదాకా అక్కడే ఉంది.

పెట్టె మోసినవాళ్ళలో సుబ్బరాయుడు ముందున్నాడు. ఇది కూడా రాసి పెట్టుకోవాలి.

జూన్ 27

మోటారు వేసి మరచిపోయాను. ట్యాంకు పొంగింది. మేడ మీద నుంచి "నిండింది" అని అరిచే మనిషి లేదు. గోడ అవతల నుంచి సుబ్బరాయుడు — "ఏమప్పా, పెన్నేరు నీ ఇంట్లోకి వచ్చినాదా?"

నవ్వాను. తర్వాత సిగ్గేసింది.

జూన్ 30

మళ్ళీ పని. మెల్‌బోర్న్‌లో ఇళ్ళు అమ్మే వెబ్‌సైటుకు అక్కడి పేటల పరిచయాలు రాయడం. మనకంటే వాళ్ళకు ముందు తెల్లవారుతుంది కాబట్టి కోడికూతకే కూర్చోవాలి. ఈసారి ఇచ్చింది బాగా డబ్బున్నవాళ్ళ పేట. ఎవరుంటారు, ఏ వయసువాళ్ళు, ఎక్కడ పుట్టారు, సొంత ఇల్లా అద్దెనా, ధరలు ఎటు పోతున్నాయి.

నేను ఎన్నడూ చూడని వీధులు. మ్యాపులో నడుస్తాను. పెద్ద చెట్లు, దూరదూరంగా ఇళ్ళు. మనిషి కనబడడు.

జూలై 1

వాళ్ళ జనాభా లెక్కల్లో ఒక వరుస — భర్త గాని భార్య గాని పోయినవాళ్ళు. ఆ వరుస దాటి కిందికి పోయాను.

జూలై 3

షాహీన్ అత్తను తీసుకొచ్చింది, ఇల్లు చూపించడానికి. భర్త కువైట్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఇరవై ఆరున తిరిగి పోవాలి. రిజిస్ట్రేషన్ ఆలోపు కావాలి. ఇల్లు ఇద్దరి పేరునా.

ముసలామె గదులు చూడకముందే అడిగింది, "పడమర ఏ పక్క నాయనా?" గోడ చూపించాను. అవతల సుబ్బరాయుడి ఇల్లు. "బాగుండాది. ఈ గదిలో నమాజు చేసుకుంటా." తర్వాత వంటిల్లు చూసింది. "ఇది వంటిల్లా, కోడిగూడా?"

"అత్తా!" అంది షాహీన్.

"ఉన్న మాట అంటే ఏంది తప్పు? అన్నకు కోపమొస్తాదా?"

రాలేదు. సుగుణ కూడా అదే మాట అనేది.

గోడ మీదుగా సుబ్బరాయుడి తల కనబడి, లేకుండా పోయింది.

జూలై 4

అనుకున్నట్టే వచ్చాడు. టీ పెట్టాను.

"నిన్న వచ్చినోళ్ళు ఎవురప్పా?"

"షాహీన్. సుగుణతో పనిచేసే టీచరు."

"చూసిపోను వచ్చినారా, కొనను వచ్చినారా?"

చెప్పాను. సెలవు సంగతి, ఇరవై ఆరు సంగతి, అన్నీ. పక్కింటివాడు కదా.

గ్లాసు కింద పెట్టాడు. "నాకేం పట్టింపు ల్యాదు. నా బంగారం అంగట్లో ఇరవై ఏండ్లుగా నగిషీ పని చేసేది ఎవురు? సాయిబే గదా. తాళాలు గూడా వాని చేతికే ఇస్తా. కానీ అంగడి వేరు, ఈది వేరు."

గ్లాసు కాస్త ఆయన వైపు జరిపాను.

"మా షడ్డకుని కొడుకు డాక్టరు. మంచి రేటు ఇస్తాడు. మాట్లాడమంటావా?"

"సుగుణ మాట ఇచ్చింది."

"పోయేటప్పుడు మనిషి ఏమేమో అంటాదిలేప్పా."

లేచి గ్లాసులు తీశాను.

జూలై 7

ఆస్ట్రేలియా పేట గురించి రాస్తూ రాస్తూ ఆగాను. అదే పద్ధతిలో మా కాలనీ రాస్తే...

జమ్మలమడుగు రోడ్డుకు లోపలగా మూడు వీధులు. బంగారం అంగళ్ళ వాళ్ళు ఎక్కువ. బట్టల వ్యాపారులు, ఇద్దరు డాక్టర్లు, ఒక కాంట్రాక్టరు. అందరివీ సొంత ఇళ్ళే. అద్దె బోర్డు ఉండదు. అమ్మకం బోర్డు అసలే ఉండదు. అమ్ముడుపోయాకే తెలుస్తుంది. ముస్లింల ఇల్లు లేదు. క్రైస్తవుల ఇల్లు ఒకటి. మాది.

అక్కడ ఇల్లు అమ్మాలంటే శనివారం నడివీధిలో వేలం పాడతారట. జనం గుమిగూడి చూస్తారు. చెయ్యి ఎత్తినవాణ్ణి నువ్వెవరని అడగరు. అంత ధర పెట్టలేనివాడు ఆ వీధికి ఎలాగూ రాడు. అక్కడ ధరే కాపలా. ఇక్కడ ధర ఒక్కటే చాలదు.

పంపే దాంట్లో ఇవేవీ రాయలేదు.

జూలై 10

ఆషాఢం. సుబ్బరాయుడి భార్య లక్ష్మమ్మ గోరింటాకుకు వచ్చింది. చెట్టు పడమటి గోడను ఆనుకుని ఉంటుంది, సుగుణ నాటింది. ఏటా ఇద్దరూ కలిసి కోసి, కలిసి రుబ్బేవాళ్ళు. ఇవాళ ఆమె ఒక్కతే కోసుకుంది. చెరగు నిండకముందే ఆగింది.

"ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దన్నా. సుగుణమ్మ అయితే ఇంత దూరం తెచ్చుకునేది కాదు. మీరు ఈడికి కొత్తగా వచ్చినప్పుడు పెద్దోళ్ళు చెప్పినారు, నక్షత్రం ఈది పక్క కట్టొద్దని. 'సరేలే అక్కా' అన్నాది. నవ్వుతానే అన్నాది. పంతానికి పోలేదు."

క్రిస్మస్ నక్షత్రం మా ఇంట్లో ఎప్పుడూ పెరటి వైపే. "వీధి పక్క గాలెక్కువ, చిరిగిపోతాది" అనేది. నిచ్చెన పట్టుకున్నది నేనే. ఒక్క ఏడు కూడా అడగలేదు.

జూలై 11

నాతో ఎందుకు చెప్పలేదు.

చెబితే గొడవకు పోతానని కావచ్చు. పోనేమోనని కూడా కావచ్చు. రెండిట్లో దేన్ని చూడలేక ఊరుకుందో...

జూలై 14

సంపు అడుగంటింది. నీళ్ళ ట్యాంకరు మా గేటు ముందు ఆగకుండా పోయింది. వెనక పరిగెత్తాను. డ్రైవరు కిందికి దిగలేదు. "నన్ను తిట్టొద్దు సార్. మీ ఇంటికి కడాకు ఎయ్యమన్నారు."

"ఎవరన్నారు?"

"అందురూ."

ఆఖరికి కూడా రాలేదు. రెండు క్యాన్లు కొనుక్కొచ్చాను. షాహీన్‌కు చెప్పలేదు.

జూలై 15

ఆస్ట్రేలియా ఎడిటరు నా వాక్యం ఒకదాని కింద గీత గీసింది. "ఒకరికొకరు తెలిసినవాళ్ళు ప్రశాంతంగా ఉండే పేట" అని రాశాను. ఎవరికి తెలిసినవాళ్ళు, అని అంచున ప్రశ్న.

వాక్యం తీసేశాను.

జూలై 17

దస్తావేజు రాసే ఆయన ఫోన్. రాత అంతా అయింది. చెక్కుబందీ దగ్గర ఆగిందట, నాలుగు దిక్కులా ఎవరి హద్దు ఉందో చెప్పే చోట. "పడమర సుబ్బరాయుడు గారి ఇల్లని రాస్తే ఆయన తకరారు పెడతానంటాండాడు సార్. మీ గోడ ఆయప్ప స్థలంలోకి అడుగు వచ్చిందంట."

"ఆ గోడ పెట్టిన రోజు దారం ఆయనే పట్టుకున్నాడు."

"నిజమే గానీ సార్, తకరారు ఉన్న ఇల్లు ఎవురు కొంటారు?"

బయటికి పోయి గోడ చూశాను. నిలువుగా పాతిన కడప బండలు. జమ్మలమడుగు పక్క క్వారీ నుంచి సుబ్బరాయుడి బామ్మర్ది లారీలో వచ్చినవే. ఆయనే దగ్గరుండి దింపించాడు.

జూలై 18

సర్వేయరుకు అర్జీ పెడితే నెల దాటుతుందట. షాహీన్ భర్తకు ఎనిమిది రోజులే ఉన్నాయి. సుబ్బరాయుడికి ఆ తేదీ తెలుసు. నేనే చెప్పాను, టీ పోసి.

సాయంత్రం పులివెందుల నుంచి అక్క. అంతా విన్నది. "కోర్టుకు పోరా జయా. బెత్తెడు ఇడిచినావంటే నీకు గాజులు పంపిస్తా, ఏసుకుని కూచో."

"అక్కా, చక్రాయపేటలో తాత పొలం గట్టు ఏమైంది?"

తాతకూ ఆయన తమ్ముడికీ ఆ గట్టు మీద వ్యాజ్యం. ఇద్దరూ పోయారు. ఇప్పటికీ ఆ గట్టు మీద గడ్డి రెండు ఇళ్ళవాళ్ళూ కోయరు.

"అది వేరే" అంది అక్క.

జూలై 19

బడికి పోయాను. స్టాఫ్ రూము బయట మెట్ల మీద షాహీన్‌కు అన్నీ చెప్పాను. సుగుణ కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి కూర్చుని ఉంది. అటు చూడలేదు.

"నీళ్ళ బండి సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా?"

"భయపడతావని."

"భయపడేదాన్నయితే ఊరి బయట కాలువ పక్కన కొనుక్కుందును గదా. ఆడైతే మాకు యాడ బట్టినా స్థలాలే."

చేతుల సుద్దపొడి దులుపుకుంది. "ఇంకో మాట. సుగుణక్క మాట ఇచ్చిందని అమ్మొద్దన్నా. ఆ మాట పట్టుకుని నేను లోపలికి రాను. ఇల్లు నచ్చింది, కొంటాండా. మీకు అమ్మాలని ఉంటే అమ్మండి. లేదంటే ఇప్పుడే చెప్పండి."

ఇంతకాలం నేను ఆ మాట వెనకే నిలబడ్డాను. సుబ్బరాయుడికి ఇచ్చిన జవాబు కూడా అదే. నా మాటంటూ ఎవరితోనూ అనలేదు.

"అమ్మాలని ఉంది" అన్నాను. "పడమర ఒక అడుగు తగ్గితే?"

"తగ్గనీ. ఆ అడుగులో నేనేమన్నా గుర్రం కట్టేసుకుంటానా?"

గంట కొట్టారు. లోపలికి పోయింది.

జూలై 21

పొద్దున సుబ్బరాయుడి వరండా. పేపరు చదువుతున్నాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"గోడ మీ స్థలంలో అడుగుందన్నారు. తీసుకోండి. నేనే జరిపిస్తాను."

పేపరు మడిచాడు. "ఏందీ?"

"అడుగు. ఈ కొస నుంచి ఆ కొస దాకా."

"ఉత్తగా ఇడిచేస్తావా?"

"ఉత్తగానే."

"కొలవకుండానే?"

"మీరు కొలిచారు కదా."

నా ముఖంలో ఏదో వెతికాడు. ఎక్కడో మోసం ఉండాలి అన్నట్టు. ఈ జిల్లాలో గట్టు జానెడు జరిగితే తలలు లేచాయి. నేల వదులుతానని గడప దగ్గరికి వచ్చి చెప్పినవాణ్ణి ఆయన చూసి ఉండడు. నేనూ చూడలేదు.

"నా ఉద్దేశం అది కాదప్పా."

"మరి ఏది?"

వీధి వైపు చూశాడు. పైకి అనలేకపోయాడు. సుగుణ పెట్టె మోసిన మనిషి కదా, నా ఎదురుగా అనడం కష్టమేనేమో.

"తకరారు లేదని రాయించి పంపిస్తాను. సంతకం పెట్టండి."

"సూద్దాంలే."

లక్ష్మమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. వేళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి. "గోరింట చెట్టు ఇక మీ వైపు వస్తుందమ్మా" అన్నాను. ఆమె భర్త వైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది. వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా పెట్టిన చప్పుడు.

జూలై 22

సంతకం రాలేదు. మనిషిని పంపితే "ఊర్లో లేడు" అన్నారట. కారు వాకిట్లోనే ఉంది.

దస్తావేజులో పడమటి కొలత అడుగు తగ్గించి రాయమని చెప్పాను. రాశాడు. రిజిస్ట్రేషన్ ఎల్లుండి. షాహీన్ భర్త ఫోన్ చేశాడు. "సాక్షులు మా తరఫు నుంచి ఇద్దరు వస్తారు భాయ్. మీరు జాగ్రత్త." జాగ్రత్త ఎందుకో ఇద్దరమూ అనలేదు.

ఎల్లుండి ఆ ఆఫీసులో సుబ్బరాయుడు వచ్చి నిలబడి తకరారు అంటే... అప్పుడు గోడ చూపించాలి. ఆయన అడిగిన చోటికి జరిగి ఉన్న గోడ. అప్పటికీ కావాలంటే ఇంకేదో చెప్పాలి ఆయన. చెబుతాడేమో.

మేస్త్రీ ఓబులేసుతో మాట్లాడాను. "నలభై ఏండ్ల పనిలో గోడ ముందుకు జరపమన్నోళ్ళనే చూసినా. ఎనక్కి జరపమన్నోడివి నువ్వే సార్." నవ్వాడు. నవ్వు ఆపి అడిగాడు, "ఆయప్ప ఆ టయానికి ఇంట్లో ఉంటాడా?" తెలియదన్నాను. "అయితే మొదటి బండ నువ్వే తీయి. నా మీదికి రానీయొద్దు."

రేపు పొద్దున ఆస్ట్రేలియా పనికి కూర్చోను. చూపు ఆనగానే గడ్డపార తీసుకుని పెరట్లోకి పోతాను. సుబ్బరాయుడి తలుపు తడతాను. తీయకపోతే మళ్ళీ తడతాను. ఆయన బయటికి వచ్చి నిలబడ్డాకే మొదటి బండ పెకిలిస్తాను.