పసుపు టోపీ ఆవిడ ఉత్తర్వు

పోర్తో, మే 9

పీకో దీవిలో తిమింగలాలు చూపించే పడవల కంపెనీ వారికి,

మీరు ఒక ముసలాయనను కొండ మీద రాతి గదిలో పెట్టి ఆయన కళ్లు అమ్ముకుంటున్నారు. కాదంటారని తెలుసు. నేను కార్మిక సంఘం పత్రిక నడపబట్టి ఇరవై రెండేళ్లయింది. అవునన్న కంపెనీని ఇంతవరకూ చూడలేదు.

గురువారం మీ పడవెక్కాను. గంటసేపు నీళ్లు తప్ప ఏమీ లేవు. అప్పుడు రేడియోలో బొంగురు గొంతు: "ఇంజను ఆపరా. ఎడమకు తిరుగు. రెండు నిమిషాల్లో లేస్తుంది. ఆ పసుపు టోపీ ఆవిణ్ణి కూర్చోమను, వెనకవాళ్లకి కనబడదు." రెండు నిమిషాలకు లేచింది. ఇల్లంత వీపు, ఒక పక్కకు వాలిన ఊపిరి ధార, మునిగేటప్పుడు ఆ తోక. మా సంఘంలో చెబితే ఎవరూ నమ్మరు.

ఆ గొంతు కొండ మీది గదిలోంచి సముద్రం చూసే సెరఫిం గారిదని పడవ నడిపే మనిషి చెప్పాడు. ఒకప్పుడు తిమింగలాల వేట పడవలకు దారి చూపిన కళ్లేనట అవి. మునిగిన తిమింగలం నలభై అయిదు నిమిషాలకు ఎక్కడ లేస్తుందో ముందే చెబుతాడట.

అలాంటి మనిషితో చేయి కలుపుదామని కొండెక్కాను. తలుపు మూసి ఉంది. గోడలో జానెడు సందు, సందులో రెండు కళ్లు. వెనక కన్నంలోంచి ఎవరో సూపు గిన్నె లోపలికి తోశారు. జైల్లో ఇలాగే తోస్తారు. పలకరిస్తే "అడ్డు తప్పుకోమ్మా" అన్నాడు పాపం. అంత భయం. ఆయన్ని వెంటనే విడుదల చెయ్యండి.

ఇట్లు,
ఎర్మెలిందా వాస్

తా.క.: నా టోపీ నిమ్మపండు రంగు. పసుపు కాదు.

లాజెస్, పీకో దీవి, మే 17

గౌరవనీయులైన ఎర్మెలిందా గారికి,

సూపు తోసింది నేనే. ఆయన మా నాన్న, ఈ పడవలు మావే. గడియ లోపలివైపు ఉంది, ఆయనే వేసుకుంటాడు. మోకాళ్లు అరిగాయి, దిగు నాన్నా అని తొమ్మిదేళ్లుగా బతిమాలుతున్నాం. మీ ఉత్తరం మీది సంఘం ఎర్ర ముద్ర చూసి ప్రభుత్వ ఉత్తర్వు అనుకున్నాడు. మేం కాదనలేదు. మారుమాట లేకుండా దిగొచ్చాడు. ఆయన బదులు నీళ్లలో చప్పుడు వినే యంత్రం పెట్టాం.

కృతజ్ఞతలతో,
ఒతీలియా గులార్ట్

తా.క.: పక్కింటివాళ్లు వాళ్ల మామగారికి కూడా ఒక ఉత్తరం రాయమంటున్నారు.

పోర్తో, మే 25

సోదరి ఒతీలియాకు,

కుటుంబం అన్న మాట ప్రతి కంపెనీ అంటుంది, నేను లొంగను. అయినా గెలుపు గెలుపే. 'పీకో ఖైదీకి విముక్తి' అని మొదటి పేజీలో వేశాను. ఆయన విశ్రాంతికి ఉన్ని దుప్పటి పంపుతున్నాను. నెలాఖరుకు మా వాళ్లు నలభై మందిని వెంటబెట్టుకొస్తాను. ఆ తోక గురించి అందరికీ చెప్పాను.

పోరాట వందనాలతో,
ఎర్మెలిందా

తా.క.: పక్కింటి మామగారిని ఎక్కడ బంధించారో వివరాలు పంపండి.

లాజెస్, జూన్ 3

ఎర్మెలిందా గారూ,

ఎవర్నీ తీసుకురావద్దు. యంత్రం పదకొండుసార్లు మా పడవల్ని సరుకు ఓడల వెంట పరుగెత్తించింది. నాన్న వంటింట్లో సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటాడు. సరిగా తినడు. "పాలు నాలుగు నిమిషాల్లో పొంగుతాయి, కుడివైపు నుంచి" అంటాడు. కుడివైపు నుంచే పొంగుతాయి.

మళ్లీ కొండెక్కమంటే, "ఉత్తర్వు ఉత్తర్వే. ఆ పసుపు టోపీ ఆవిడే రద్దు చెయ్యాలి" అన్నాడు. అది ఉత్తర్వు కాదు నాన్నా అంటే, "తొమ్మిదేళ్లుగా నీ మాట విన్నానా, ఇప్పుడు వినడానికి" అన్నాడు. ఈ వేసవి ఇలాగే గడిస్తే ఆయన మాకు దక్కడు.

మీ,
ఒతీలియా

తా.క.: పక్కింటావిడ పెరట్లోకి రావడం మానేసింది. ఆవిడ ఎప్పుడు వస్తుందో నాన్న అయిదు నిమిషాల ముందే గట్టిగా చెబుతున్నాడు.

కొండ మీది గది, జూన్ 12

సెరఫిం గారికి,

మీ గదిలోంచే రాస్తున్నాను. తెల్లవారగానే వచ్చి లోపల గడియ వేసుకున్నాను. దీన్ని ఆక్రమణ అంటారు.

నేను రాసింది తప్పు. ఇరవై రెండేళ్లలో ఈ వాక్యం మొదటిసారి రాస్తున్నాను, చెయ్యి తిరగడం లేదు. ఒక మనిషి పని లాక్కుని, దానికి విముక్తి అని పేరు పెట్టి అచ్చు వేశాను. పొద్దుటి నుంచి మీ సందులోంచి చూస్తున్నాను. రేడియోలో చెప్పి రెండు పడవల్ని ఒక కెరటం మీదికి, మూడోదాన్ని మబ్బు నీడ మీదికి పంపాను. నాలుగు గంటలు చూసేసరికే నా కళ్లు మండుతున్నాయి. మీరు యాభై ఏళ్లు చూశారు.

ఒతీలియా సూపు తెచ్చింది. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను.

మీ అడ్డు తప్పుకోవడానికి సిద్ధంగా ఉన్న,
ఎర్మెలిందా వాస్

తా.క.: నా డిమాండ్లు:

1. మొదటి ఉత్తర్వు రద్దు. ముద్ర వేశాను.
2. గడియ లోపలివైపే ఉండాలి.
3. మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ, గదిలో వీపున్న కుర్చీ కంపెనీ పెట్టాలి.
4. సూపు వేడిగా రావాలి. ఇది చల్లారిపోయింది.
5. పని నేర్చుకోవడానికి ఏడాదికి ఒక వారం నన్ను పక్కన కూర్చోనివ్వాలి. టోపీ తీసేస్తాను.
6. ఇప్పుడే ఎదురుగా ఒక తోక మునిగింది. ఈసారి కెరటం కాదు. అది లేచేలోపు మీరు ఇక్కడ ఉండాలి.