మా వీధి మాగ్‌పైని పట్టుకెళ్లకండి

బల్లారాట్, ఆస్ట్రేలియా

నగరపాలక సంస్థలో పక్షుల ఫిర్యాదులు చూసే హాలొరన్ అమ్మగారికి,

మా వీధి చివర యూకలిప్టస్ చెట్టు మీద గూడు పెట్టిన మాగ్‌పై పక్షి నా బట్టతలను నెత్తురొచ్చేలా పొడిచిందని, దాన్ని ఎక్కడైనా దూరంగా వదిలేసి రమ్మని పోయిన నెల మీకు రాసింది నేనే. దయచేసి ఆ ఫిర్యాదు చించేయండి.

మా అమ్మాయి టామ్సిన్‌కి పదిహేనేళ్లు. చలికాలమంతా బడి నుంచి రాగానే గదిలో దూరి తలుపేసుకునేది. "ఏదో ఒకటి ఆడనివ్వండి, పరుగెత్తనివ్వండి, మనసు తేలికపడుతుంది" అన్నారు బళ్లో కౌన్సెలర్. నెట్‌బాల్ అన్నాం, ఈత అన్నాం. "నన్నొదిలెయ్యండి" అనేది.

మీకు రాసిన మర్నాడే ఆ పక్షి మా పిల్లను బడిదాకా తరిమింది. సాయంత్రం పిల్ల ఇల్లదిరేలా అరుస్తూ వచ్చింది. "నాన్నా, ఆ రాక్షసి నా జడ పట్టుకు లాగింది! రేపు దాని సంగతి చూస్తా!" ఇన్నాళ్లకు మాతో అన్ని మాటలు మాట్లాడింది. మనం చూస్తున్నామనుకుంటే అది మీదికి రాదట; మర్నాడు ఐస్‌క్రీమ్ డబ్బాకి వెనకవైపు కళ్లు గీసి, నెత్తిన బోర్లించుకుని పరుగందుకుంది. ఇప్పుడు స్నేహితురాళ్లు కూడా డబ్బాలతోనే వస్తున్నారు. "ఇవాళ దానికి దొరకలేదుగా!" అంటూ మా పిల్ల ఇంటికొచ్చి అన్నం మారు వడ్డించుకుంటోంది.

గూట్లో పిల్లలు ఎగిరిపోతే తల్లిదండ్రుల కోపం చల్లారుతుందట. అప్పుడు ఇంతకన్నా మొండి పక్షి మీ దగ్గరుంటే మా వీధికి కేటాయించగలరు.

నా తల గురించి దిగులుపడకండి. రోజూ సాయంత్రం టామ్సిన్ కిటికీ దగ్గరికొచ్చే వేళకి, టోపీ ఇంట్లోనే పెట్టి ఆ చెట్టు కిందికి వెళ్తున్నాను. మా పిల్ల నవ్వు అక్కడిదాకా వినిపిస్తోంది.

ఇట్లు,
పొడిపించుకుంటున్న ఒక తండ్రి