పడుకోబెట్టిన కర్రకి నీడ

బావా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఇంటికాడ మీ అమ్మ నీ ఫొటోకి దండ వేస్తన్నాది. నేను బడికొచ్చేసేను. నీ బడికే బదిలీ చేయించుకున్నాను కదా, నీ పిల్లలకి ఇప్పుడు నేనే టీచర్ని.

మధ్యాహ్నం అన్నం గంటకి ముందు ఎండలో నువ్వు నీడల పాఠం చెప్పే కర్ర పాతి, దాని నీడ చుట్టూ సుద్దముక్కతో గీయించేను. తర్వాత కర్రని నేల మీద పడుకోబెట్టి, నువ్వు అడిగినట్టే అడిగేను.

"ఇప్పుడు నీడేదర్రా?"

టైలర్ కూతురు లేచింది. "నేదు టీచరూ. సారుకీ నేదు. ఆ దినం మీ వాకిట్లో సాప మీద పడుకోబెట్టినప్పుడు నాను ఎతికేను."

అప్పుడు గుర్తొచ్చింది. మేమంతా ఏడుస్తంటే ఈ పిల్ల సుద్దముక్క పట్టుకుని నీ చుట్టూ వంగి వంగి చూసింది. మీ అమ్మ దాని చెంప మీద ఒక్కటిచ్చి గెంటేసింది.

ఇవాళ నేనూ ఊరుకోలేదు. "ఉంటాదే, సన్నంగా ఉంటాది. నీకే సూడ్డం రాలేదు" అని కసిరేను.

నువ్వు తయారుచేసిన మొండిది కదా, తగ్గలేదు. "ఎవులు సెప్పినా నమ్మొద్దు, గీసి సూడండని సారే సెప్పేరు. నువ్వు పడుకో టీచరూ."

పడుకున్నాను బావా, కాలిపోతన్న నేల మీద. తల నుంచి కాళ్ల దాకా నా చుట్టూ గీసింది. లేచి, చేతులు దులుపుకుని, పిల్లలందరికీ నన్ను చూపించింది.

"సూడండర్రా. టీచరుకీ నేదు."