వెచ్చటి మిషను గది

విజయవాడ, 12-12-74

తమ్ముడు సుబ్బారాయుడికి అక్క దానమ్మ ఆశీస్సులు. మా మరిది పేరయ్య మంగళవారం పొద్దున పోయాడు. జలుబు చేసి దగ్గు తగ్గకపోతే, ఇక్కడి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మొయ్యొద్దని మేస్త్రీ దయతలిచి మిషను గదిలో వేశాడు. "అక్కడ వెచ్చగా ఉంటది వదినా, తగ్గిపోద్ది" అన్నాడు. ఆదివారం ఐసు గడ్డకట్టించే అమ్మోనియా గొట్టం పగిలి గదంతా గ్యాసు కమ్మింది. పక్కనే పనిచేస్తున్న రాముడూ, ఇతనూ కలిసే బయటపడ్డారు. రాముడు కళ్ళు కడుక్కుని మర్నాడు పనిలోకి వెళ్ళాడు. పేరయ్యకు ఊపిరి అందలేదు. "ఆ జలుబుతో ఊపిరితిత్తులు ముందే వాచి ఉన్నాయమ్మా. రాముడు తట్టుకున్న గ్యాసునే ఇతను తట్టుకోలేకపోయాడు" అన్నారు డాక్టరుగారు.

నీకూ జలుబు చేసిందని, కాకినాడ ఐసు ఫ్యాక్టరీలో నిన్నూ మిషను గదికే మార్చారని రాశావు. ఆ మేలు మనకొద్దు నాయనా. దగ్గు పూర్తిగా పోయేదాకా సెలవు పెట్టు. పిల్లకు కూడా అంటుకుందా? మరదలు కాచిన నీళ్ళే ఇస్తోందా? పెద్దింట్లమ్మకు మొక్కుకున్నాను, ఆ తల్లి మిమ్మల్ని కాపాడాలి.

చావు కబురు కార్డు చదవగానే చింపెయ్యడం మన ఆనవాయితీ. దీన్ని మాత్రం మీ మేస్త్రీకి చదివి వినిపించాకే చింపు.